తొమ్మిదో భాగంలో చచ్చిన రాణి

ఇంద్రేశంలో మా ముందుగదిలో మందుల ఫ్యాక్టరీ ఆపరేటర్ ఒకాయన కిరాయికి ఉండేవాడు. పగటిపూట బల్బు వేయనిచ్చేదాన్ని కాదు. అందుకని మా అరుగు మీద కూర్చుని మాయారాజ్యాల నవల తొమ్మిదో భాగం చదివేవాడు. అరుగు నాదే కాబట్టి నాకూ వినిపించమన్నాను.

ముందటి ఎనిమిది భాగాలు నాకు తెలియవు. ఎవరి పేరొచ్చినా "ఈమె ఎవరి బిడ్డ?" అనేదాన్ని. ఆయన పేజీలో వేలు పెట్టి, "అది ఐదో భాగంల ఉంది పెద్దమ్మా" అని ఓపికగా మొదటి నుంచి చెప్పేవాడు.

ఒకరోజు రాణిని శత్రువులు చుట్టుముట్టిన చోట షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. ఆయన లేవబోయాడు.

"కూసో. వ్రతకథ నడుమ ఎవరన్న లేస్తరా?" అన్నాను.

హారన్ మళ్లీ మోగింది.

"రాణి సచ్చింది పెద్దమ్మా, కథ అయిపోయింది" అని ఉరికాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నెల తర్వాత పదో భాగం తెచ్చాడు. అట్ట మీద ఎవరో ఆడమనిషి గుర్రమెక్కి ఉంది. కింద పేరు కూడబలుక్కుని చదివాను. మా రాణే.

"సచ్చినామె గుర్రం ఎట్లెక్కింది బిడ్డా?"

"ఆ దినం బస్సు పోతుండె పెద్దమ్మా" అని తల గోక్కున్నాడు.

"ఇది పక్కకు పెట్టి తొమ్మిదోది తియ్యి. ముందుగాల ఆమెను బతికించు."

ఆయన చెప్పులు విప్పి కూర్చున్నాడు. ఆ రోజు బస్సు ఆయన లేకుండానే పోయింది.