మాస్టారు నా గురించి రాసిన ఉత్తరం

మా కాలేజీలో ఫిలాసఫీ డిపార్టుమెంటు ఎత్తేసినప్పుడు ఆ గది ఖాళీ చేసే పని నా మీద పడింది. పడక ఎవరి మీద పడుతుంది? డిపార్టుమెంటులో మిగిలింది నేనొక్కదాన్నే. నెల తిరక్కుండా అక్కడ కంప్యూటర్లు పెట్టాలన్నారు. రెండు ఇనప బీరువాలు, చెదపట్టిన పరీక్ష పేపర్లు, గోడకి ఆనించిన విరిగిన నల్లబల్ల. అమలాపురంలో ఆ వారమంతా ముసురు. తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో చూస్తుంటే, నియామకాల ఫైల్లో నా పేరు కనిపించింది.

ఈ కాలేజీకి నేను మొదటిసారి ఇంటర్వ్యూకి వచ్చింది పీహెచ్‌డీ పూర్తయిన ఏడాదే. అప్పుడు ఉద్యోగం రాలేదు. తరవాత ఏడేళ్ళు రాజోలులో ఓ జూనియర్ కాలేజీలో పార్ట్‌టైముగా సివిక్స్ చెప్పాను. కమిటీ మారాక మళ్ళీ పిలిచారు, తీసుకున్నారు. మొదటిసారి ఎందుకు రాలేదని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. నాకంటే బాగా చెప్పినవాళ్ళు దొరికి ఉంటారనుకున్నాను. ఆ ఏడు ఆ పోస్టులో ఎవరినీ వేసుకోలేదని ఫైలు చూశాకే తెలిసింది.

ఫైల్లో ఒక కవరు ఉంది. దాని మీద 'కాన్ఫిడెన్షియల్' అని రాసి ఉంది. లోపలి చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. నా థీసిస్ మార్జిన్ల నిండా ఉన్న రాత అది. నా గైడుది. మేమంతా మాస్టారనే పిలిచేవాళ్ళం.

అభ్యర్థి తెలివైనదనీ, కష్టపడే మనిషనీ మొదట రాశారు. ఆ కింద, "అయితే ఈమెకు చిన్న వయసులో పూనకం వచ్చింది. ఈ సంగతి తానే నాకు చెప్పింది. చదివే విషయం నుంచి తనను తాను వేరు చేసుకోగలదా అన్నది నాకు అనుమానమే. క్లాసు అప్పగించే ముందు కమిటీ ఆలోచించుకోవడం మంచిది" అని ఉంది. కింద సంతకం.

రెండోసారి చదవలేకపోయాను. ఫైలు మూసి, మళ్ళీ తెరిచి, ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఆఫీసు కాగితం అలా తీసుకోకూడదని తెలుసు. తీసుకున్నాను.

మా నాన్న ముక్తేశ్వరం దగ్గర కొబ్బరికాయలు ఒలిచేవాడు. మా ఇంట్లోకి వచ్చిన పుస్తకాలన్నీ నాకోసం కొన్నవే. డిగ్రీలో వేరే సీటు దొరక్క ఫిలాసఫీలో చేరాను. అందులో నిలబెట్టింది మాత్రం మాస్టారే. దేహం లేకుండా మనసు లేదని నమ్మిన మనిషి. నేను పరిశోధనకి ఎంచుకున్నది అమ్మవారి పూనకాలు. ఒంటి మీదకి అమ్మవారు వచ్చిన మనిషి "నేను వచ్చేను" అంటుంది. ఆ 'నేను' ఎవరు? ఇదీ నా ప్రశ్న. యూనివర్సిటీలో కొందరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

నేను రాసిన మొదటి అధ్యాయం పట్టుకుని గోదావరి పంటు మీద దాటి, రామచంద్రపురంలో వాళ్ళింటికి వెళ్ళాను. చదివి పక్కన పెట్టేశారు.

"అన్నీ పుస్తకాల్లోంచి తెచ్చి పెట్టేవమ్మాయ్. మనసు గురించి చెప్పాలంటే అనుభవించినవాళ్ళ మాటే సాక్ష్యం. దాన్ని మించింది లేదు," అన్నారు.

అప్పుడు చెప్పాను. పూనకం వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు. మా ఊరి అమ్మవారి తీర్థంలో డప్పులు కొడుతూ, గరగ కుండలు నెత్తిన పెట్టుకుని గుడివాళ్ళు మా వీధిలోకి వచ్చారు. డప్పులు దగ్గరపడుతుంటే నా అరికాళ్ళు మొద్దుబారాయి. తరవాత నా గొంతు నాకే వినిపించింది, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. ఆడవాళ్ళు పసుపు నీళ్ళు పోశారు. కళ్ళు తెరిచేసరికి మా అమ్మ నా కాళ్ళు పట్టుకుని ఉంది. అన్నిటికంటే భయమేసింది అదే, కన్నతల్లి నాకు మొక్కడం. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆయనకి కూడా.

మాస్టారు అంతా విన్నారు. ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టలేదు. "చెప్పినందుకు సంతోషం," అన్నారు. తిరుగు పంటు మీద నిలబడి నేను ఎంత తేలికపడ్డానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఉత్తరం దొరికే నాటికి మాస్టారి శిష్యులంతా కలిసి ఆయనకి ఒక సన్మాన సంచిక వేస్తున్నారు. అందులో మొదటి వ్యాసం నాదే. సగం రాసి ఉంచాను. ఆ ఆదివారం వ్యాసం వదిలేసి, ఉత్తరం పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను.

హాల్లో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఎనభైకి దగ్గరపడ్డారు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

"వ్యాసం తెచ్చేవా అమ్మాయ్?"

ఉత్తరం చేతికిచ్చాను. కళ్ళజోడు మార్చుకుని, తొందర లేకుండా చివరిదాకా చదివారు.

"నాదే," అన్నారు.

"ఆయ్, మీదేనండి. ఎందుకు రాసేరండి?"

"అడిగేరు, రాసేను. ఇందులో అబద్ధమేముంది చెప్పు?"

"నేను మీకు చెప్పింది చదువు కోసం కదండి. కమిటీకి చెప్పమని కాదు కదండి."

"ఎవరికీ చెప్పొద్దని నువ్వనలేదు."

నిజమే, అనలేదు. అనాలని తట్టలేదు.

"అనుభవించినవాళ్ళ మాటే సాక్ష్యమని మీరే అన్నారు కదండి?"

"సాక్ష్యం వేరు, తీర్పు వేరు. సాక్షిని తీసుకెళ్ళి జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టరు కదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. క్లాసులో అనుమానం తీర్చినట్టే చెప్పారు. ఉత్తరం మడిచి తిరిగి నా చేతికిస్తూ, "అయినా తరవాత వచ్చింది కదా ఉద్యోగం. ఇప్పుడేం పోయిందని?" అన్నారు.

ఏడేళ్ళు పోయాయని నోటిదాకా వచ్చింది. కానీ నేను అడగడానికి వచ్చింది అది కాదు.

"మీకు చూపించకుండా నేనొక్క పేజీ కూడా రాయలేదండి," అన్నాను.

ఆయన భార్య కాఫీ తెచ్చి నా పక్కనే నిలబడ్డారు. ఆవిడకి అంతా వినిపించింది.

"ఉత్తరం సంగతి నాకు తెలీదమ్మా. నువ్వు చెప్పిన సంగతి మాత్రం ఆ సాయంత్రమే చెప్పేరు నాకు. అందుకే కదా ఏటా శ్రావణమాసంలో నీకు చీర పెడతాను. అమ్మవారు వచ్చి వెళ్ళిన మనిషివి, ఉత్త చేతుల్తో ఎలా పంపుతాను?"

ఆవిడకి ఆడపిల్లలు లేరు. కూతురనుకుని పెడుతున్నారనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆయనకి నేను రోగిని, ఆవిడకి దేవతని. చదువుకోడానికి వచ్చిన పిల్లని ఆ ఇంట్లో ఎవరు చూశారో నాకు తెలియలేదు.

కాఫీ తాగకుండా లేచి వచ్చెయ్యాలని ఉంది. చేతకాలేదు. తాగి, గ్లాసు లోపల పెట్టి, "వెళ్ళొస్తానండి" అని కూడా అని వచ్చాను.

వ్యాసం పంపలేదు. సంచిక పని చూస్తున్న నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు.

"మీరు రాయకపోతే ఎలాగండీ? మాస్టారు ముందు మీ పేరే చెప్పేరు. ఏమన్నా మాటొచ్చిందా?"

"లేదండి. వీలవలేదు."

సన్మానానికి కొత్తపేట నుంచీ ఆలమూరు నుంచీ కూడా పాత విద్యార్థులు వచ్చారట. అంత చదువు చెప్పినాయనకి నాలుగు పేజీలు రాయలేకపోయిందని నా గురించి అనుకున్నారట. కాదని చెప్పాలంటే పూనకం సంగతి చెప్పాలి. ఊరుకున్నాను.

ఆనాటి కమిటీలోని ఇద్దరు ఇంకా మా కాలేజీలోనే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన తీర్థాల రోజులు వస్తే తనంతట తనే "సెలవు కావాలా మేడమ్?" అని అడిగేవారు. మర్యాదనుకునేదాన్ని.

ఇంతమందికి తెలిశాక ఇంక దాచడమెందుకని మా ఆయనకి చెప్పాను, ఉత్తరం కూడా చూపించాను. మాస్టారి మీద కోప్పడతారనుకున్నాను.

"కమిటీకి తెలుసు. మాస్టారి ఇంట్లోవాళ్ళకి తెలుసు. నాకే తెలీదన్నమాట," అన్నారు.

రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నమ్మి చెప్పాల్సినచోట చెప్పలేదు, చెప్పకూడనిచోట నమ్మి చెప్పాను. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ తల ఎత్తకుండా అడిగారు.

"అప్పుడు నీకు తెలుస్తూనే ఉందా? లోపల ఉన్నావా నువ్వు?"

మాస్టారు ఎప్పుడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. చేతులు ఎండిపోయేదాకా అక్కడే కూర్చుని, నాకు గుర్తున్నంతా చెప్పాను. కొన్ని చోట్ల నమ్మారు, కొన్ని చోట్ల నమ్మలేదు. నమ్మనిచోట ఆ మాట నా మొహం మీదే అన్నారు.

ఇప్పుడు బీకామ్ పిల్లలకి 'మానవ విలువలు' అనే పేపరు చెబుతున్నాను. మాస్టారింటికి మళ్ళీ వెళ్ళలేదు, ఆయనా కబురు పెట్టలేదు. క్లాసులో ఏదైనా విడమరచి చెప్పేటప్పుడు ఆయన వాక్యమే నా నోట్లోంచి వస్తుంది, ఆయన విరిచినచోటే విరుగుతుంది. ఇరవై ఏళ్ళ అలవాటు. మధ్యలో ఆపేసి, అదే సంగతి ఇంకోలా చెప్పడానికి మాట వెతుక్కుంటాను. మేడమ్ మర్చిపోయారనుకుని ముందు బెంచీ పిల్లలు ఏదో ఒకటి అందిస్తారు.