కరెంటు గుంతలో కూసున్న మా అమ్మ

మొన్న పొద్దుగాల చాయ తాగుతుంటే నెత్తిన పచ్చ టోపీలు పెట్టుకున్న ఇద్దరు పిల్లగాండ్లు మా చెలకలోకి వచ్చి, గెట్టు మీది చింతచెట్టుకు ఎర్రరంగు గీత గీసిండ్రు. ఎందుకు బిడ్డా అంటే, కొత్త టవర్ల లైను వస్తాంది అవ్వా, తీగె కింద చెట్టు ఉండొద్దు అన్నరు. ఆ లైను ఎవరిది అంటే ఒకడు సర్కారుది అన్నడు, ఒకడు కాదు కంపెనీది అన్నడు. ఆ కంపెనీ ఎవరిదో ఇద్దరికీ ఎరుక లేదు. వాళ్ళు పోయినంక గీత మీద చెయ్యి పెడితే రంగు ఇంకా పచ్చిగనే ఉండి అరచేతికి అంటింది. కడుక్కుందామని గోలెం కాడికి పోయిన దాన్ని కడుక్కోకుండనే కూసున్న. కరెంటు మొదట వచ్చిన రోజులు చూసిన నా ఈడువాళ్ళకైతే ఈ కడుపుమంట సమజైతది.

మాది నల్లగొండ నుంచి నందికొండకు పోయే దిక్కున ఒక మెరక ఊరు. నాకు బుద్ధి తెలిసేనాటికే మా నాయిన లేడు. అమ్మకు మిగిలింది ఇంత చెలక, దాని గెట్టు మీద జోడు చింతచెట్లు. చెలక వాన పడితే పండేది, లేకుంటే లేదు. చింతలు మాత్రం ఏనాడూ మాట తప్పలేదు. ఎండకాలం అమ్మ కాయ దులిపించి, పెంకు కొట్టి, గింజ తీసి, ముద్దలు కట్టి నల్లగొండ అంగడికి మోసేది. మా ఇంటి ఉప్పు, బుడ్డిలోకి గ్యాసునూనె, నా లంగగుడ్డ, అన్నీ ఆ చెట్ల మీదికెళ్ళి దిగినవే. నేను బడిలో కూసున్నది తక్కువ, చాట ముందట కూసొని చింతపండు గిచ్చింది ఎక్కువ.

మా చెలకను ఆనుకునే మా పెద్దబాపు భూమి ఉండేది, అంటే మా నాయిన తోడబుట్టిన అన్నది. రుమాలు చుట్టి బాయి మీద నిలబడితే ఊరికి ఆయన ఒక్కడే కనపడాలె, గట్లాంటి మనిషి. నందికొండ కాడ కృష్ణమ్మకు కట్ట కడుతున్న కాలమది, ఆ పనికి కరెంటు మోసుకపోయే పెద్ద టవర్ల లైను మా ఊరి మీదికెళ్ళి పోవాలెనని కొలతలోళ్ళు వచ్చి ఎర్ర జెండాలు పాతిండ్రు. పొద్దుగాల ఆ జెండాలు మా పెద్దబాపు బాయి పక్కన నిలబడి ఉన్నవి, మేము కండ్లార చూసినం. మాపటికల్లా మా చింతల కిందికి వచ్చినయి. జెండాలు మోసే మనిషి, పాపం మంచోడు, మా కడప కాడ అంబలి తాగి నవ్వుకుంట చెప్పిండు: "టవరు లైను చక్కగ పోవాలె చెల్లే. కాని మీ బావ ఇంట్ల కోడికూర తిన్నంక దాని నడుము వంగింది."

చెట్లను కొట్టిననాడు వాటి నిండ ఒనగాయ ఉంది. పండనన్న పండనియ్యలేదు. కొమ్మలు కూలుతుంటే అమ్మ పచ్చికాయ ఏరి ఒళ్ళో వేసుకుంది. అంతటితోని పోయినా మరిచిపోదుమేమో. మొద్దులు మా పెద్దబాపు బండికి ఎక్కించుకపోయి తన బాయి కాడ ఎడ్లతోని నీళ్ళు తోడే మోటకు గుంజలు చేయించుకుండు. ఇగ రోజూ ఆయన ఎడ్లు మోట గుంజుతుంటే గిలక కిర్రుమన్నప్పుడల్లా అమ్మ చేతి పని ఆగేది. టవరు తీగెలు మా నెత్తి మీద జుయ్యిమనుకుంట నందికొండకు పోయేటివి, మా ఇంట్ల మాత్రం అదే బుడ్డి, అందులోకి నూనె కూడా కరువే. అమ్మ చింతపండు చాటను దూలానికి తగిలేసి, ఏటా ఉగాదికి దించి పేడతోని అలికి మళ్ళీ తగిలేసేది. పండు లేని చాటను ఎందుకు అలుకుతవే అని ఇరుగమ్మలు నవ్వేటోళ్ళు.

కొన్నేండ్లకు ఊరికి కరెంటు వచ్చింది. అందరికన్న ముందు మా పెద్దబాపే మోటరు తెచ్చిండు. దానికి బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఊరంతటికీ బెల్లం పంచిండు. తీగె పడకముందే ఎడ్లను అమ్ముకుండు, మా చింతగుంజల మోటను పీకి పొయ్యిల పెట్టిండు, నారు కూడా పోసిండు. ఒక్క సంగతి ఆయనకు యాదికి రాలేదు. ఊరి తీగె ఆయన బాయికి రావాలంటే దారి మా చెలకలోకెళ్ళే ఉంది.

కరెంటోళ్ళు వచ్చి గుంత తవ్వి, స్తంభం బండి మీదికెళ్ళి దింపుతుండంగ, అమ్మ దూలం మీది చాట దించి, కోమటోళ్ళ దుకాణంలో కొన్న చింతపండు అండ్ల పోసుకొని, చీర ఎగజెక్కి ఆ గుంతలకు దిగి కూసుంది. పైకి నెత్తి, చాట తప్ప ఏమీ కనపడవు. నిమ్మలంగ గింజ తీస్తాంది. కరెంటు సారు బతిమిలాడిండు, బెదిరిచ్చిండు, ఇది సర్కారు స్తంభం అన్నడు. "సర్కారుదైతే నా మీదనే పాతుండ్రి సారూ, నేను వద్దన్ననా" అంది అమ్మ.

మా పెద్దబాపు ఉరికొచ్చిండు. అప్పట్ల మా దిక్కు ఆడిది పెనిమిటి అన్న మొకం చూసి మాట్లాడేది కాదు, ఆయన కూడా తమ్ముని పెండ్లాంతోని నేరుగా మాట్లాడొద్దు. అందుకే ఇద్దరి నడుమ నన్ను నిలబెట్టిండ్రు. వాళ్ళు జానెడు దూరంల ఉన్నరు, ఒకరి మాట ఒకరికి వినపడుతనే ఉంది, అయినా నేను చెప్పాలె.

"మీ అమ్మను లెవ్వుమను బిడ్డా, నా నారు ఎండుతాంది."

"మీ పెద్దబాపును అడుగు బిడ్డా. ఆనాడు కోడికూరకు వంగిన తీగె, ఈనాడు చక్కగ ఎందుకు రావాలె? వాగు చుట్టు తిప్పుకోమను."

కూలోళ్ళు మొకాలు తిప్పుకొని నవ్విండ్రు. వాగు చుట్టు తిప్పాలంటే స్తంభాలు చానా కావాలె, అన్ని ఇయ్యం అన్నడు సారు, ఆడమనిషిని గుంతలకెళ్ళి గుంజి నేను పాతను, ముందు మీరు మీరు తేల్చుకోండ్రి అన్నడు, స్తంభం బండికి ఎక్కించుకొని పక్కూరికి పోయిండు. నారు ఎండింది. మోటరును గోనెసంచి కప్పి మా పెద్దబాపు అరుగు మీద పెట్టుకుంటే, ఆయన కోడిపెట్టే దాని మీద ఎక్కి పొదుగుడు పెట్టింది. కోడి పొదిగిన మోటరు పిల్లల ఎప్పుడు చేస్తదే అని ఊర్లె పోరగాండ్లు అడుగుతుంటే నా కడుపు ఎంత సల్లబడిందో చెప్పలేను, అబద్ధమెందుకు.

పెద్దమనుషులు కూసున్నరు. అమ్మ నాతోని చెప్పిచ్చిన షరతు ఒకటే. లైను కింద కాకుండ అవతలి గెట్టు మీద మా పెద్దబాపు చింత మొక్క పెట్టాలె, తన భుజం మీద కావడితో, ఇంకొకని చెయ్యి తగలకుండ నీళ్ళు పొయ్యాలె. అమ్మ చాట పట్టుకొని కూసుంటే ఎండ తగలనంత నీడ దానికి వచ్చిననాడు స్తంభాలు పాతుకోవచ్చు. ఆయన రుమాలు విదిలించి లేచిపోయిండు. ఒక పంట కిరాయి ఎడ్లు, కిరాయి మోటతోని ఈడ్చి చూసిండు. గిట్టక, మరుసటేడు తానే వచ్చి మొక్క నాటిండు.

ఇగ చూడుండ్రి. ఎండకాలం వచ్చిందంటే ఊరి నడుమకెళ్ళి రుమాలు చుట్టిన పెద్దమనిషి కావడి మోసుకుంట రావాలె. మొక్క మొదట్ల నీళ్ళు పోసి చెమట తుడుచుకునే యాళ్ళకు అమ్మ చాట పట్టుకొని వచ్చి ఆ పుల్లంత చెట్టు పక్కన కూసునేది. చాటల ఎండ పడేది. "ఎండ పడ్తాంది అని చెప్పు బిడ్డా" అని లేచి పోయేది. ఎన్ని ఎండకాలాలు ఆ మాట చెప్పిన్నో! చెప్పేటప్పుడల్లా నా గొంతు కొంచెం పెంచి, ఆవలి చెలకలోళ్ళకు కూడా వినపడేటట్టు చెప్పేదాన్ని.

నా పెండ్లికి ముందటి ఎండకాలం, చాటల ఎండ పడలేదు. అమ్మ చాటను అటు ఇటు జరిపి చూసింది. నేను పక్కనే ఉన్న, నా దిక్కు చూడలేదు. నెత్తి మీది కొంగు తీసి, మా పెద్దబాపు మొకంలోకి మొకం పెట్టి, "బావా, పాతుకో ఇగ" అంది. బతికినన్ని రోజులు ఆయనతోని అమ్మ నేరుగా అన్న మాట అదొక్కటే. తలకాయ దించుకున్నది ఆయనే.

ఒక్కదాన్నే బిడ్డనని నాకు ఇల్లరికం అల్లుని తెచ్చింది గనక ఆ చెట్టు కింద నా పిల్లలూ పెరిగిండ్రు. మా పెద్దబాపు పోయిననాడు ఆ ఇంట్ల పొయ్యి ముట్టించరు గద, మేము అన్నం వండి పంపినం. ఆయన నీళ్ళు పోసిన చెట్టు పండుతోనే అమ్మ పులుసు చేసి, గిన్నె తానే మోసుకపోయింది.

గా చెట్టుకే మొన్న ఎర్రగీత పడింది. ఇయ్యాల మా చెలకలోకెళ్ళి ఎవరి కరెంటు ఎటు పోతాందో ఎవరికీ తెల్వదు. ఇంట్ల మీట నొక్కితే వెలుగుతది, అంతే. ఆనాడు మమ్ముల ముంచినోనికి ఒక మొకం ఉండె, రుమాలు ఉండె, కావడి ఎత్తుకోనీకి భుజం ఉండె. ఈ కంపెనీకి ఏముంది? ఏ అరుగు మీదికి పోయి తిట్టాలె, ఎవని భుజాన కావడి పెట్టాలె? పగ పట్టనీకి కూడా ఎదురుంగ మనిషి ఉండాలెనని, గా మనిషి లేని కాలం వస్తదని మా అమ్మ అనుకోలేదు.

ఇప్పుడు గుంతలు మిషిన్లు తవ్వుతయట, అమ్మ కూసున్న గుంత కన్న చానా పెద్దగ. తవ్వనీ. అరచేతి రంగు ఇంకా పోలేదు. అమ్మ పోయినంక దూలం మీదనే ఉన్న చాట దించి, పేడతోని అలికి ఎండకు పెట్టిన.