మగ్గం అర్రలో కడిగిన ఫోటోలు

దయ్యాల మీద నాకు నమ్మకం ఎన్నడూ లేదు. నేను చదివింది హైదరాబాదులో, టెక్నికల్ స్కూల్లో. కటకం, కాంతి, వెండి లవణం, నీళ్ళ వేడి. వీటిలో ఏది తప్పినా ఫోటో తప్పుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే సరిగ్గా వస్తుంది. ఫోటోలో ఇంతకు మించి మరేదీ ఉండదని నాకు నేర్పారు. నేనూ అదే నమ్మాను. అందుకే ఇక్కడ ఊహలేవీ కలపకుండా, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది చౌటుప్పల్‌కు దగ్గరలో పద్మశాలీల ఊరు. మా ఇంట్లో తేలియా రుమాళ్ళు నేస్తారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. తర్వాత దారాలకు అక్కడక్కడ ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు అంటదు కాబట్టి నేసినప్పుడు అక్కడ బొమ్మ తేలుతుంది. రుమాలును ఎన్నిసార్లు ఉతికినా ఆ నూనె వాసన మాత్రం పోదు. మా సరుకు బొంబాయి మీదుగా అరబ్బు దేశాలకు పోయేది.

బాపు నా చిన్నప్పుడే చనిపోయాడు. మా అన్న నర్సింహ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాడు కాబట్టి నేను బడికి పోగలిగాను.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు ఒక జాగీర్దారు యూరప్ యాత్రకు పోతూ, ఫోటోలు తీయడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. ఆయనకు కొత్త భవనాల మీద మోజు లేదు. పాత పట్నాలు, వాటి నడుమ చౌకులు, ఆ చౌకుల్లో జరిగే అంగళ్ళు కావాలి. మార్సెయ్ రేవులో చేపల అంగడి, వెనిస్ కాలువ ఒడ్డున కూరగాయలు, ప్రేగ్‌లో గడియారపు గోపురం ముందు పూలమ్మే ఆడవాళ్ళు, నూరెంబర్గ్ చౌకులో కుండలు, బ్రూజ్‌లో లేసు అల్లి అమ్మే ముసలమ్మలు. పెద్ద కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, గాజు నెగటివులు. ఏ ఊరిలో తీసినవి ఆ ఊరి హోటల్ గదిలోనే కడిగేవాడిని. ఒక్కొక్క నెగటివును భూతద్దంతో మూల మూలా చూసి, గీత పడిందా, మచ్చ పడిందా అని సరిచూసి పెట్టెలో సర్దడం నా పద్ధతి.

నేను బయలుదేరే ముందు అన్న ఒక కొత్త బొమ్మ గీసిమ్మన్నాడు. ఆ రోజుల్లో రుమాళ్ళ మీద గడియారాలు, విమానాలు కావాలని షావుకార్లు అడిగేవారు. గళ్ళ కాగితం మీద విమానం గీసిచ్చాను. వరుసలన్నిటిలోనూ విమానాల ముక్కులు ఒకే దిక్కుకు ఉంటాయి. మొదటి రుమాలు నాకేనన్నాడు అన్న. నేను తిరిగి వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందన్నాడు.

అప్పుడు అన్న ఫోటో ఒకటి తీస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె గట్టి నమ్మకం. ఫోటోలు తీసేవాడు తన ఫోటో తాను తీసుకోలేడు కాబట్టి నా ఆయుష్షుకు ఫికర్ లేదని అన్న నవ్వాడు.

తిరిగి వచ్చినప్పుడు చౌటుప్పల్‌లో బస్సు దిగేసరికి చిన్నాయన రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అన్న కోసం చూశాను. చిన్నాయన నా చేతిలో పెట్టె తీసుకుని ముందు నడిచాడు. ఊరి పొలిమేర దగ్గర చెప్పాడు. అన్న జ్వరంతో పోయాడట. నేను వెనిస్‌లో అడుగుపెట్టకముందే పోయాడని తర్వాత లెక్క చూసుకున్నాను.

అన్నకు పెండ్లి కాలేదు. పెండ్లికానివాళ్ళను మా దగ్గర పూడ్చిపెడతారు. ఇంకొక పద్ధతి కూడా ఉంది. నేసేవాడు పోతే, మగ్గం మీద మిగిలిన పడుగు దారాలను మా ఇంట్లో మరొకరు నేయరు. కోసి అతనితోనే పంపిస్తారు. అలాగే చేశారు.

అమ్మ ఏడవడం మానేసింది. ఆమె బాధ మరొకటి. అన్న ముఖం తనకు గుర్తుకు రావడం లేదు. చేతులు గుర్తున్నాయి, నడక గుర్తుంది, ముఖం మాత్రం కళ్ళు మూసుకుంటే రావడం లేదు.

"ఊరోళ్ళ ఫోటువలు, దేశంగాని దేశపోళ్ళ ఫోటువలు గిన్ని తెచ్చినవ్. మనోని మొకం ఒక్కటి లేకపాయె. నేనే తియ్యనియ్యకపోతి కొడుకా" అంది.

ఆమెను వదిలి హైదరాబాదు పోలేక, జాగీర్దారుకు ఇవ్వాల్సిన ప్రింట్లు ఇంట్లోనే తీయాలనుకున్నాను. ఇంట్లో అన్నిటికన్నా చీకటిగా ఉండేది మగ్గం ఉండే గది, మగ్గం అర్ర. కిటికీకి గోనె కుట్టాను. ఎర్ర గాజు లాంతరు పెట్టాను. మగ్గం పలకల మీద మూడు తొట్లు పెట్టాను. బొమ్మను పైకి తేల్చే డెవలపర్, నీళ్ళు, బొమ్మ చెడకుండా నిలిపే హైపో. నెగటివును కాగితం మీద ఆనించి, పైన గాజు బిగించి, దీపం వెలుగు కాసేపు చూపించి, కాగితాన్ని డెవలపర్‌లో వేయడమే పని. బొమ్మ మెల్లగా పైకి తేలుతుంది.

మధ్యాహ్నం వేళ మొదలుపెట్టాను. మొదట వేసింది మార్సెయ్ చేపల అంగడి. ఏ తేడా లేదు. తర్వాత వెనిస్ వేశాను. కాలువ వచ్చింది, పడవలు వచ్చాయి, కూరగాయల గంపలు వచ్చాయి. గంపల ముందు ఒక మనిషి తేలాడు. వీపు నా వైపు. చొక్కా లేదు. పంచె కట్టుకుని, ఎడమ భుజం మీద రుమాలు వేసుకుని నిలబడ్డాడు.

అప్పుడే వాసన వచ్చింది. డెవలపర్‌ది కాదు, హైపోది కాదు. తేలియా నూలు వాసన. ఆ అర్రలో ఆ వాసన ఉండటంలో వింత లేదని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అది గోడల నుంచి రావడం లేదు. వంగితే పెరిగింది, లేస్తే తగ్గింది. తొట్టిలో నుంచి వస్తోంది.

ప్రింటును హైపోలో వేసి తీసి, ఎండలోకి తీసుకుపోయి భూతద్దం పెట్టాను. రుమాలు మీద విమానాలు. నేను గీసిన విమానమే. రెక్కలు గళ్ళ కాగితం మీద ఎలా మెట్లు మెట్లుగా గీశానో అలాగే ఉన్నాయి. అన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయి, ఒక్కటి తప్ప. అంచు దగ్గర ఒక విమానం ఎదురు దిక్కుకు తిరిగి ఉంది.

నాకు మొదట కొంచెం ధైర్యమే వచ్చింది. మా రుమాళ్ళు అరబ్బు నావికులు కట్టుకుంటారు. వాళ్ళు వెనిస్ రేవుకూ వస్తారు. అన్న నేసినవి షావుకారు అమ్మి ఉంటాడు. ఇంతే సంగతి. ప్రింటు చూపించకుండా, విమానాల రుమాళ్ళు ఎన్ని అమ్మారని అమ్మను అడిగాను.

"అమ్మింది యాడిది? ఒక్కటే రుమాలు నేసుడైంది. గది వాని మీదనే కప్పిరి" అంది. తనే మళ్ళీ అందుకుంది. "గండ్ల ఒక్క విమానం ఉల్టా పడ్డది. దారాలు తిరగేసి కట్టిండట. ఇప్పి మల్ల కట్టురా అంటే నవ్విండు. ఉండనీయె అమ్మా, అన్ని పోతాంటే గదొక్కటన్న ఇంటికి మర్లి రావాలె గద, అన్నడు."

నేను వెనుక దాచి పట్టుకున్న ప్రింటు ఇంకా తడిగానే ఉంది.

ఆ రోజు నుంచి ఒక్కొక్కటి పరీక్షించాను. వెనిస్ నెగటివును ఎండకు పెట్టి చూశాను. గంపల ముందు ఎవరూ లేరు, ఖాళీ నేల. కాగితాల పొట్లం కొత్తది, నా చేతితోనే చింపాను. బిగించే గాజు మార్చాను. డెవలపర్ కొత్తగా కలిపాను. మళ్ళీ తీస్తే మళ్ళీ అతనే. అదే నెగటివును హైదరాబాదు తీసుకుపోయి, తెలిసిన స్టూడియోలో, అదే పొట్లంలోని కాగితం మీద తీశాను. ఖాళీ నేల వచ్చింది. ఇంటికి వచ్చి మగ్గం అర్రలో తీశాను. అతను వచ్చాడు. నెగటివులో లేనిది కాగితం మీదికి రావడానికి నాకు తెలిసిన దారి లేదు.

చిన్నాయన హాస్యగాడు. ఊళ్ళో ఎవరినీ వదలడు. నేను చెప్పినదంతా విని, "సీమకు పోయి ఫోటువలు తీసుడు నేర్సినవా, దయ్యాలను పట్టుడు నేర్సినవా బిడ్డా? జర మా షావుకారును గూడ పట్టు, పుణ్యముంటది" అన్నాడు. నవ్వుతూనే ప్రింటు అందుకున్నాడు. ఎదురు విమానం మీద బొటనవేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"వాని మీద కప్పేటప్పుడు గీ అంచు నేనే సదిరిన. మొకం మీదికి జరుగుతాంటే కిందికి గుంజిన" అన్నాడు. ఆ తర్వాత ఆయన మా మగ్గం అర్ర గడప తొక్కలేదు.

అమ్మకు చెప్పవద్దనుకున్నాం. కానీ ఆమె ప్రింటు చూసింది. భయపడలేదు. వీపు మీద వేలితో నిమిరింది. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉండటం చూపించింది. మగ్గం తాడు గుంజి గుంజి అన్నకు ఆ భుజం అలాగే వాలేది. తర్వాత నా పెట్టె వైపు చూసింది.

"అన్ని తియ్యి కొడుకా. గిన్నిట్ల ఒక్కదాండ్లనన్న మర్లి సూడకపోతడా" అంది.

నేను వద్దన్నాను. ఆమె అన్నం మానేసింది. చివరికి పెట్టె తెరిచాను.

ఆ పగళ్ళన్నీ ఒకేలా గడిచాయి. నేను తొట్టి ముందు నిలబడేవాణ్ణి. అమ్మ మగ్గం గుంతలో, అన్న కాళ్ళు పెట్టే చోట కాళ్ళు పెట్టి కూర్చునేది. ఎర్ర వెలుగులో ఆమె ముఖం సగమే కనిపించేది. నేను కాగితం తొట్టిలో వేయగానే, మెల్లగా, అన్నానికి పిలిచినట్టు పిలిచేది. "నర్సింహా, జర గిటు సూడు బిడ్డా." ప్రేగ్ గోపురం తేలేది. పూలమ్మే ఆడవాళ్ళు తేలేవారు. వాళ్ళ నడుమ వీపు తేలేది. నూరెంబర్గ్ కుండల నడుమ వీపు తేలేది. వాసన ఎంత చిక్కగా ఉండేదంటే గొంతులో నూనె పూసినట్టయ్యేది.

బొమ్మ తేలేటప్పుడు ముందు నల్లనివి వస్తాయి. తల వెనుక జుట్టా, లేక ముఖమా అన్నది కాసేపటిదాకా తెలియదు. అతను ఇటు తిరగడని అమ్మ భయం. తిరుగుతాడని నా భయం.

ఎందులోనూ తిరగలేదు. బ్రూజ్ ప్రింట్లు కూడా అయిపోయాయి, ఒక్కటి తప్ప. అది నేను కావాలనే పక్కన పెట్టాను. ఎందుకంటే అందులో నేనున్నాను. జాగీర్దారు సరదాగా నన్ను లేసు అమ్మే బల్ల పక్కన నిలబెట్టి తానే తీసిన ఫోటో అది. కోటు, టోపీ, మెడకు టై. నేను నేరుగా కెమెరాలోకి చూస్తున్నాను. అది ఆ అర్రలో తీస్తే అతను నాకెంత దగ్గరగా నిలబడి ఉంటాడోనని నాకు భయం.

అమ్మ పెట్టె తడిమి చూసింది. "గదొక్కటి ఎందుకు దాస్తవ్?" అంది.

తీశాను. వెలుగు చూపించేటప్పుడు దీపం పొగబారింది. కాగితం తొట్టిలో వేశాను. ఈసారి అమ్మ పిలవలేదు. గుంతలో నుంచి లేచి నా పక్కకు వచ్చింది. బల్ల తేలింది, లేసు తేలింది, వెనుక ఇళ్ళ కప్పులు తేలాయి. నేను తేలాను. నా పక్కన ఎవరూ లేరు, వెనుక ఎవరూ లేరు. ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది.

తర్వాత నా ఎడమ భుజం చూశాను. కోటు మీద రుమాలు ఉంది. విమానాలన్నీ ఒక దిక్కు, అంచున ఒకటి ఎదురు దిక్కు. భుజం కొంచెం కిందికి వాలి ఉంది.

నా ఎడమ భుజం వాలి ఉండదు.

అమ్మ తడి కాగితాన్ని రెండు చేతులతో పైకెత్తింది. హైపోలో వేయాలి, లేకపోతే నల్లబడుతుందని చెప్పాలనుకున్నాను. హైపో తొట్టిని ఆమె వైపు జరిపాను. ఆమె వేలు నా ముఖం మీద, నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా జరిగింది.

"వచ్చిండు. గట్లనే ఉన్నడు. గీ కండ్లే నాకు యాదికి రాకపాయె" అంది.

నేను పక్కనే ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

నాకూ అన్నకూ పోలికలు లేవు. అన్న బాపు పోలిక, గుండ్రటి ముఖం. నాది అమ్మ తరఫు ముఖం. ఆ ప్రింటును హైపోలో వేసి తీశాక ఎండలో చూశాను, భూతద్దంతో చూశాను, అద్దం పక్కన పెట్టుకుని చూశాను. నాకు అందులో కనిపించేది నేనే. చిన్నాయనకు చూపించాను. మా ఇద్దరినీ భుజాల మీద మోసి పెంచినవాడు. తల తిప్పుకుని, "నర్సింహనే" అన్నాడు. ఇంటికి వచ్చిన చుట్టాలకు ఏమీ చెప్పకుండా చూపించి, ఇదెవరని అడిగాను. కోటు, టై ఎవరివని ఒక్కరూ అడగలేదు. అందరూ అన్న పేరే చెప్పారు.

నెగటివులన్నీ జాగీర్దారుకు ఇచ్చేశాను. ఆయన హైదరాబాదులో ప్రింటు వేయించుకుని ఆల్బంలో పెట్టుకున్న బ్రూజ్ ఫోటోలో నా భుజం మీద రుమాలు లేదు. తర్వాత యుద్ధం వచ్చింది. నూరెంబర్గ్‌లో నేను ఫోటో తీసిన ఆ పాత ఇళ్ళు బాంబులకు కూలిపోయాయని పేపర్లో చదివాను. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మగ్గం అర్రలో ఇప్పుడు ధాన్యం పోస్తున్నారు. దీనికి కారణం ఏమై ఉంటుందని నా కన్నా ఎక్కువ చదివినవాళ్ళను కూడా అడిగాను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. అవన్నీ నేను అప్పుడే పరీక్షించి కొట్టేసినవే.

అమ్మ ఇప్పుడు అన్నం తింటుంది. నిద్రపోతుంది. అన్న ముఖం గుర్తుకు రావడం లేదని మళ్ళీ ఎన్నడూ అనలేదు. ఆ ఫోటోకు చట్రం కట్టించి గోడకు వేలాడదీసింది. పోయినవాళ్ళకు పెట్టినట్టు శుక్రవారం దాని నుదుట కుంకుమ బొట్టు పెట్టి, పూలు వేస్తుంది.

నేను ఇంటికి పోయినప్పుడు ఆ గోడకు ఎదురుగా కూర్చోను. అది నా ముఖమని అమ్మకు ఒక్కసారి కూడా చెప్పలేదు. మొదట్లో ఆమె కోసం చెప్పలేదు. ఇప్పుడు, అది ఎవరి ముఖమో నాకే తెలియక చెప్పలేకపోతున్నాను.