మేడమీది పిచ్చుక

ఆ రోజుల్లో నా డైరీ ఏ పేజీ తెరిచినా దేవుడి పేరు కంటే ఒక అమ్మాయి పేరే ఎక్కువగా కనిపించేది. అసలు పేరు కాదులెండి, మేం పెట్టిన పేరు: సబ్బవరం. రోజూ ఆ ఊరి నుంచే బస్సులో కాలేజీకి వచ్చేది. రాగానే క్లాసంతా ఆమె బల్ల చుట్టూ మూగేది. పోర్టు పక్క వీధిలోనే ఉండే నేను మాత్రం వెనక బల్లలో, నోట్‌బుక్ చాటున నవల పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరూ పలకరించకపోతే బాధ, పలకరిస్తే భయం.

మాకు వీడియోలు తీయడం నేర్పే సార్ మొదటి ఏడాదిలోనే ఒక పద్ధతి పెట్టారు. ప్రాజెక్టుల్లో సినిమా పాటలు వాడకూడదు. ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక శబ్దం రికార్డు చేసి, మారుపేరుతో క్లాసు ఫోల్డర్లో (మేం దాన్ని 'డబ్బా' అనేవాళ్లం) పెట్టాలి. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, సాగదీయొచ్చు, ముక్కలు చేయొచ్చు. అడగక్కర్లేదు, వీడియో చివర ఆ పేరు మాత్రం వేయాలి. నేను మేడ మీద బట్టలు ఆరేస్తూ తీసిన కూనిరాగం ఒకటి, వెనకాల ఓడ కూతతో సహా, 'మేడమీది పిచ్చుక' పేరుతో డబ్బాలో పడేసి, సిగ్గుతో మళ్లీ అటువైపు చూడలేదు.

చివరి ఏడాది వీడియోల్లో ఒక్కదాన్నే వార్షికోత్సవంలో తెర మీద వేస్తామన్నారు. నేను భీమిలి జాలర్ల వలల గురించి రెండు నెలలు కష్టపడి తీశాను. తెర మీద నా పేరు ఎలా ఉంటుందో డైరీలో పదిసార్లు రాసి చూసుకున్నాను. సబ్బవరం తీసింది తను ఎక్కే బస్సు గురించి. కిటికీ, టికెట్టు, కునికిపాట్లు పడే ముసలమ్మ, అంతే. కానీ వాటి వెనక ఒక ఆడగొంతు, నిదానంగా, బరువుగా, డప్పు మీద తేలుతూ వచ్చింది. క్లాసు కదలకుండా వింది. నేను అసూయతో మండిపోయాను. ఆ గొంతు ఏ సినిమాలోంచో ఎత్తేసిందే అనుకున్నాను.

చప్పట్లు ఆగకముందే, చివర పేర్లు రాకముందే లేచి నిలబడ్డాను. మూడేళ్లలో నా అంతట నేను లేవడం అదే మొదలు.

"సార్, ఆ గొంతు ఆమెది కాదు."

"నాదని నానెప్పుడన్నాను?" అంది సబ్బవరం, కోపం కూడా లేకుండా. "నాను పాడితే బస్సులో జనం దిగిపోతారు. డబ్బాలో దొరికింది. స్పీడు తగ్గించీసి, మా ఊరి డప్పు ఏసీనాను."

"పేరు కూడా వేసింది కదమ్మా," అంటూ సార్ వీడియో చివరికి జరిపారు.

గొంతు, ఓడ కూత: మేడమీది పిచ్చుక.

కూర్చోవాలో నిలబడాలో తెలియక సగం వంగి ఉండిపోయాను. "ఇంకేమైనా చెప్తావా?" అన్నారు సార్. "లేదు సార్," అన్నాను.

బయటికొచ్చాక సబ్బవరం నా పక్కన చేరింది. "ఏటే, నామీద అంత కోపమేటి? ఆ పిచ్చుకెవరో తెలిత్తే సెప్పు, పట్టుకొచ్చి నా పక్కన కూకోబెట్టుకుంటాను."

ఆ పక్క సీటు కోసమే నేను మూడేళ్లుగా ఏడుస్తున్నది.

"తెలీదు," అన్నాను.

వార్షికోత్సవంలో బస్సు వీడియోనే వేశారు. మా అమ్మ కూడా చప్పట్లు కొట్టి, "ఎవరోగాని ఎంత బాగా పాడిందే. నువ్వూ ఉన్నావు, నోరు విప్పవు," అంది.

ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం ఉంది: 'ఇవాళ్టి నుంచి నాకు సబ్బవరం మీద కాదు, పిచ్చుక మీద అసూయ.' ఇప్పుడది చదివితే నవ్వొస్తుంది. బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడు మాత్రం, చుట్టూ చూసి, ఓడ కూసేదాకా ఆగి, అప్పుడు పాడతాను.