మామగారి ముందు చాచిన ఎడమచెయ్యి

పిల్లనిచ్చిన మామగారు రెండు చేతులా అందించిన తాంబూలాన్ని నేను ఎడమచేత్తో అందుకున్నాను. అరుగు మీద పదిమంది బంధువులు చూస్తుండగా, గడప వెనక నా భార్య నాగమ్మ నాతో రావడానికి బట్టల మూటతో సిద్ధంగా నిలబడి ఉండగా. ఇంతకంటే శ్రద్ధగా కాపురం కూల్చుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూసి ఉంటే చెప్పండి, నా పీట ఆయనకిస్తాను.

కుంపిణీ పోయి రాణిగారి దొరతనం వచ్చిన కొత్తల్లో మాట. తర్వాత చెన్నపట్నం చేరి దినపత్రికలో ఊరందరి తప్పులూ రాసి బతికాను గాని, ఈ తప్పు మాత్రం ఏ సంచికలోనూ వెయ్యలేదు.

అప్పట్లో అరవదేశంలోని సింగానల్లూరులో సేద్యం చేసేవాణ్ణి. నాగమ్మ పోట్లాడి దిండిగల్ పక్కనున్న పుట్టింటికి వెళ్లి ఏడాదైంది. పోట్లాడింది ఆమె ఒక్కతే లెండి, నేను గోడలా కూర్చున్నాను. ఆమె వెళ్లాక ఇంట్లో నోరెత్తేవి ఎద్దులు రెండే. అప్పుడే నా కుడిభుజం పట్టేసింది. తలపాగా చుట్టిపెట్టే మనిషి లేదు. గుడ్డ కొసను కిటికీ ఊచకు కట్టి, గానుగెద్దులా నేనే గిరగిర తిరిగేవాణ్ణి.

కర్రసాము నేర్పే ఆసాను నూనె పోసి తోమాడు. భుజం వదల్లేదు, తోలు వదిలింది. పక్కింటి అవ్వ ఆముదపాకుల కాపడం పెట్టింది. భుజం ఉడికింది, మెత్తబడలేదు. చివరికి పీలమేడు వైద్యరు మినప్పిండి, గుడ్డుసొన పూసి, సంతకు తీసుకుపోయే కోడిలా నా చేతిని ఒంటికి కలిపి కట్టేశాడు.

"నలభైయెనిమిది నాళ్లు చెయ్యి కదలరాదు నాయుడూ. పదిమందిలో నొప్పి పేరు ఎత్తరాదు. దిష్టి తగిలితే కట్టు పట్టదు."

రోగి కోరిందీ మౌనమే, వైద్యుడు చెప్పిందీ మౌనమే!

కట్టు విప్పడానికి ఇంకా పదకొండు రోజులుందనగా మామగారి కబురు వచ్చింది: ఆడినెల పుట్టేలోగా వచ్చి పిల్లను తీసుకుపొమ్మని. ఆడినెలలో, అంటే అరవల ఆషాఢంలో, మావాళ్లు ఆడపిల్లను అత్తింటికి పంపరు. కట్టు మీద ఉత్తరీయం నిండుగా కప్పుకుని, బండిలో నాలుగు రోజులు ప్రయాణం చేసి, తిన్నగా ఆ తాంబూలం ముందుకొచ్చి నిలబడ్డాను.

మామగారి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "ఏమి మాప్పిళ్ళా, కుడిచెయ్యి ఊళ్లోనే మరిచిపెట్టి వస్తివా?"

"ఉండాది మామా."

"ఉంటే చాచు."

"ఏడు నాళ్లు పోనీండి, చాస్తాను."

అరుగు మీది చిన్నమామ పకపకా నవ్వాడు. "మంచి నాడు చూసినాకే చెయ్యి బయటికి తీస్తారంట, దొరగారు!"

"నా బిడ్డను ఎడంచేత్తో ఏరుకొని పోయేదానికి వస్తివా?" అని మామగారు ఉరిమారు.

గడప వెనకనుంచి నాగమ్మ గొంతు వినిపించింది. "ఏమాయనో ఒక్క మాట చెప్పండి. నాకు చాలు."

పాఠకులారా, ఆమెను పక్కకు పిలిచి ఉత్తరీయం తొలగిస్తే సరిపోయేది. నేను మాత్రం, ఇన్నాళ్లు బిగబట్టిన నోటికి ఇంకో ఏడు రోజులు ఎంత అనుకున్నాను. "చెప్పేదానికి ఏమీ లేదు" అన్నాను.

బట్టల మూట లోపలికి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో నాలుగు రోజులూ పక్కన ఖాళీ చోటు పెట్టుకుని వచ్చాను. గడువుకు కట్టు విప్పితే భుజం మునుపటికంటే బిగుసుకుని గుంజలా ఉంది. వైద్యరు మీదికి వెళ్లాను.

"మీ మాట పట్టుకొని పెండ్లాం దగ్గర కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు ఆమే లేదు, చెయ్యీ లేదు!"

వైద్యరు నోరు తెరిచి నన్నే చూశాడు. "పెండ్లాం దగ్గరా? అయ్యయ్యో! నాకు నడుం పడితే నేను మొదట అరిచేది నా ఇంటిదాని మీదనే. ఆమె తిట్టే తిట్లే సగం మందు!"

కాబట్టి తూర్పుముఖంగా నిలబడి, స్నానం చేసి మరీ ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట భుజమే కాదు, చిటికెనవేలు మెలిపడినా మొదట భార్యకే మొరపెట్టుకుంటాను.

భుజం రెండేళ్లకు దానంతటదే వదిలింది. అప్పటినుంచి ఏటా ఆడినెలకు ముందు దిండిగల్ వెళ్లి, రెండు చేతులూ జోడించి ఉన్నది ఉన్నట్టు చెప్పి వస్తున్నాను. నాగమ్మ అన్నం పెడుతుంది. రానని ఇంతవరకు అనలేదు, వస్తాననీ అనలేదు.