బిడ్డను వదిలి విమానం ఎక్కొద్దన్న ఖాలా

సోమవారం పొద్దున ఖాలా కొడుకు సౌదీ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మీ పోయింది అక్కా. సాయంత్రం అస్ర్ నమాజు అయినాంక మట్టి చేస్తాం" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను.

అల్ ఖర్జ్‌లో మేమున్నప్పుడు మా పై వాటా ఆమెది. మాలాగే వాళ్లదీ కడప జిల్లా. భర్త డ్రైవరు. బిల్డింగులో ఆడవాళ్లందరికీ ఆమె ఖాలానే, అమ్మ తోబుట్టువు వరస. మెత్తని మనిషి అని రాస్తే అబద్ధమవుతుంది. నోరు జాస్తి. మేడ మీద ఖాళీ నెయ్యి డబ్బాల్లో గోంగూర పెంచేది. ఆ కట్ట ఇచ్చే వంకతో వచ్చి మన వంటింటికి వంకలు పెట్టేది. "ఏమ్మే, ఈ చారు నీ మొగుడు తాగతాడా, తూములో పోస్తాడా?" అనేది.

నా మొగుడు చారుకూ కొట్టేవాడు, చారు లేకపోయినా కొట్టేవాడు. డెయిరీ ఫారంలో మెషీన్లు బాగు చేసే ఆ చేతులే నా మణికట్టు విరిచాయి. కట్టు కట్టించుకుని మా చిన్న పాపతో తిరిగి వస్తే, ఎందుకు కొట్టాడని ఖాలా అడగలేదు. "ఆస్పత్రి కాగితం యాడుంది? పాస్‌పోర్టులు యాడ పెడతాడు?" అంది. నాకు ఒళ్లు మండింది. చేయి విరిగి నేనేడుస్తుంటే ఈమెకు కాగితాల గోలేమిటి అనుకున్నాను.

"నువ్వూ పాపా ఆయన ఇకామా మీద, ఈ దేశంలో ఉండే కార్డు మీద ఉండారు. దేశం దాటే ఎగ్జిట్ వీసా ఆయన ఫోన్‌లోనే వేయాల. బడిలో ఉద్యోగం చూసుకుని వాళ్ల పేరు మీదికి మారతానంటే దానికీ ఆయనే ఊ అనాల. ఎంబసీకి అర్జీ పెట్టు, పెట్టి ఊరికే కూర్చోవాకు. పాపతో ఇంటికి చేరడమే నీకుండే దారి" అంది. అర్జీ తన కొడుకు చేతే రాయించింది.

ఆ అర్జీ సంగతి తెలిసి మా ఆయన ఒక మధ్యాహ్నం ఫోన్ నా ముఖాన పెట్టాడు. "వేసినా ఎగ్జిట్. పో." నేను సంతోషంగా మెట్లెక్కి పరిగెత్తాను. ఖాలా ఒక్కటే అడిగింది. "పాపది?"

పాపది వేయలేదు. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను: పర్వాలేదు, ముందు నేను వెళ్తాను, ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని మాట్లాడితే పాపను ఆయనే పంపిస్తాడు అన్నాను.

ఖాలా తలుపు గడియ పెట్టింది. "నేనూ అట్లే పోయినా" అంది. కొడుక్కి మూడేళ్లప్పుడట. దెబ్బలు తట్టుకోలేక పిల్లవాణ్ణి వదిలి ఒక్కతే ఊరికి పోయింది. పెద్దలు మాట్లాడుతూనే ఉన్నారు, తిరిగొచ్చే వీసా గడువు దాటిపోయింది, మొగుడు మళ్లీ వీసా తీయలేదు. "నాలుగేండ్లు. కాళ్లు పట్టుకుంటే తీసినాడు. వచ్చేసరికి నా బిడ్డ నన్ను చూసి వాళ్ల పిన్నమ్మ వెనక దాక్కున్యాడు. ఆయమ్మనే అమ్మీ అంటన్యాడు."

మర్నాడు నన్నూ పాపనూ పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయింది. అరబ్బీ మాట్లాడటానికి కొడుకు వచ్చాడు. ఆఫీసరు ఆస్పత్రి కాగితం చదివి మా ఆయన్ను పిలిపించాడు. వీళ్లను పంపిస్తావా, కేసు రాయనా అన్నాడు. ఆయన గింజుకున్నాడు, ఆలోచిస్తానన్నాడు, ఇంట్లో మాట్లాడుకుంటామన్నాడు. ఖాలా పాపను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. "పాపది వేసిందాంకా లేయను" అంది. మధ్యాహ్నం జుహర్ నమాజు దాటింది, అస్ర్ దాటింది. చివరికి ఆయన ఫోన్ తీసి పాపకూ ఎగ్జిట్ వేశాడు, పాస్‌పోర్టులూ ఇచ్చాడు.

నన్ను వెంటబెట్టుకుని తిరిగినందుకు ఆమెకు ఇంట్లో ఏం జరిగిందో మర్నాడు వాచిన పెదవి చూస్తే అర్థమైంది. మీరూ వచ్చేయండి ఖాలా అని బతిమాలాను. "నా కొడుకు ఈడుండాడు" అంది. అంతకు మించి మాట్లాడనివ్వలేదు. ఆ ఇంట్లోనే ఉంది, ఆ ఇంట్లోనే పోయింది. నేను బయటపడి ఆమె పడలేదన్న బాధ నాకు పోదు.

రియాద్ ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లాక ఆమె ఫోన్ పెట్టేయనివ్వలేదు. "ఇప్పుడు యాడుండారు?" అని నిమిషానికోసారి అడుగుతోంది. కౌంటర్‌లో నా పని అయింది. పాప పాస్‌పోర్టు అక్కడి ఆఫీసరు తిప్పి తిప్పి చూశాడు. ఫోన్‌లో ఖాలా ఊపిరి వినిపిస్తోంది.

"పాప దాటిందా?"

"దాటింది ఖాలా."

ఫోన్‌లో ఖాలా ఏడుపు వినబడింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవగా నేను వినలేదు. పాప నా చున్నీ పట్టుకుని గేటు వైపు లాగుతోంది. అవతల ఖాలా ఏడుస్తూనే ఉంది.