స్కిప్‌ని వెనక్కి పంపిన రోజు

క్యాంపు కూల్చడానికి స్కిప్ మాట్లాడే పని నర్సునైన నా నెత్తిన ఎందుకు పడిందంటే, క్యాంపు బాస్ సెలవు మీద ఊరెళ్ళాడు కాబట్టి. అంతకుమించి కారణమేమీ లేదు.

చమురు ధర పడిపోయిన ఏడాది అది. ఒమన్‌లో ఖురియాత్ దాటాక సముద్రం వెంబడి మా కంపెనీ రోడ్డు వేస్తుండేది. ఆ పనివాళ్ళ కోసం కొండ కింద చదును చేసిన నేల మీద వరసగా పోర్టా క్యాబిన్లు పెట్టారు. రేకు గోడలు, చెక్క నేల, అడుగున సిమెంటు దిమ్మెలు. క్రేనుతో ఎత్తి లారీ మీద పెట్టుకుంటే ఎక్కడికైనా తరలిపోయే ఇళ్ళు. వాటిలో గేటు పక్కనున్నది నా క్లినిక్. నేను ఖురియాత్ ఊళ్ళో, అక్కడి ఆస్పత్రిలో పనిచేసే ఇద్దరు తెలుగు నర్సులతో కలిసి అద్దె ఇంట్లో ఉండేదాన్ని. పొద్దున్నే కంపెనీ బండి వచ్చి తీసుకెళ్ళేది, సాయంత్రం దింపేది.

రోడ్డు తర్వాతి భాగం పని రద్దయింది. మనుషుల్ని కొందర్ని ఇళ్ళకి, కొందర్ని వేరే సైట్లకి పంపించేశారు. బాగున్న క్యాబిన్లని రుసైల్‌లోని కంపెనీ యార్డుకి తరలించారు. ఉప్పు గాలికి నేల పుచ్చిపోయి, గోడలు తుప్పుపట్టినవి మిగిలాయి. వాటిని విరగ్గొట్టి, పారేసి, స్థలాన్ని యజమానికి శుభ్రంగా అప్పజెప్పాలి. ఆ పనికి కొద్దిమంది మనుషుల్ని ఉంచారు. వాళ్ళున్నన్నాళ్ళూ నేనూ ఉండాలి.

మా ప్రాజెక్ట్ మేనేజరు గుంటూరు వైపు మనిషి. కోపం వచ్చినా నవ్వొచ్చినా ‘అమ్మా’ అనే పిలిచేవాడు.

“అమ్మా, ఇప్పుడు నీకు పేషెంట్లెవరున్నారు గనక! ఆ స్కిప్ సంగతేదో నువ్వు చూడు. ఇంగ్లీషొచ్చు, నాలుగు అరబ్బీ ముక్కలొచ్చు, చాలు” అన్నాడు.

స్కిప్ అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. లారీ గొలుసులతో దింపి వెళ్ళే పెద్ద ఇనప తొట్టి అట. అది నిండాక మళ్ళీ వచ్చి ఎత్తుకెళ్ళి డంపింగ్ యార్డులో బోర్లిస్తారట. అద్దెకిచ్చే ఆఫీసుకి ఫోన్ చేస్తే అవతలి మనిషి హిందీలో అడిగాడు, “ఏం పారేస్తారు మేడమ్?”

“ఇళ్ళు” అన్నాను.

“ఎవరి ఇళ్ళు?” అన్నాడతను. పోర్టా క్యాబిన్ అని చెప్పాక నవ్వి, షరతులన్నీ ఏకరువు పెట్టాడు. గ్యాసు సిలిండర్లు వెయ్యకూడదు. క్లినిక్ చెత్త వెయ్యకూడదు. అంచు దాటి నింపకూడదు. సంతకం పెట్టిన మనిషి చెప్పిన చోటే డ్రైవరు దింపుతాడు, ఆ మనిషి చెప్పినప్పుడే ఎత్తుతాడు. ఆ చివరి మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. వాడిన సూదుల డబ్బాలు ముందే ఆస్పత్రికి పంపించి, స్కిప్ రమ్మన్నాను.

డ్రైవరు ఖురియాత్‌కి చెందిన పెద్దాయన. తెల్ల గడ్డం, తలకి చుట్టుకున్న పువ్వుల గుడ్డ. ఉర్దూ నాకంటే బాగా మాట్లాడేవాడు. నేల గట్టిగా ఉందో లేదో మడమతో తొక్కి చూసి, క్యాబిన్ల ముందు తొట్టి దింపాడు. బానెట్ మీద కాగితం పెట్టి నా చేత సంతకం చేయించుకున్నాడు. “ఇంకొకటి కావాలంటే పొద్దున్నే చెప్పు సిస్టర్” అని వెళ్ళిపోయాడు.

కూల్చే పనికి పెద్ద మా కార్పెంటరు. జగిత్యాల వైపు మనిషి, వయసులో నాకంటే చాలా పెద్ద. అయినా నన్ను ‘సిస్టరమ్మా’ అనేవాడు. మర్నాడు పొద్దున గడ్డపారతో మొదటి గోడ రేకు ఊడదీశాడు. రెండు రేకుల మధ్య నుంచి పసుప్పచ్చటి ఉన్ని గుట్టలుగా జారిపడింది. ఎండ లోపలికి రాకుండా గోడల్లో కూరే గాజు పీచు అది. కొత్తదైతే దుప్పటిలా ఒక్కటిగా వస్తుంది. ఇది ఏళ్ళ తరబడి వేడికి ఎండిపోయి పొడి పొడిగా ఉంది. సముద్రం గాలి దాన్ని ఎత్తి మనుషుల మీదే పోస్తోంది.

కాసేపటికే ఒక్కొక్కరూ క్లినిక్‌కి రావడం మొదలుపెట్టారు. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. కళ్ళు మిరపకాయ పడ్డట్టున్నాయి. ఒక కుర్చీ, ఒక బల్ల ఉన్న గదిలో నలుగురు ఒకేసారి దగ్గుతున్నారు.

“ఏందమ్మా ఇది, ఒళ్ళంత చీమలు పారినట్టున్నది” అన్నాడు కార్పెంటరు, మెడ గోక్కుంటూ.

“గోకొద్దు. గోకితే ముక్కలు లోపలికి దిగుతాయి. నీళ్ళతో కడుక్కోండి” అన్నాను. కళ్ళు కడిగాను. చేతులకి మందు రాశాను. రాసిన చేతులతో వాళ్ళు మళ్ళీ అదే ఉన్నిలోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళి చూశాను. ముక్కుకి చేతిరుమాళ్ళు. చేతులకి ఏమీ లేవు. పొట్టి చేతుల చొక్కాలతో ఆ పీచుని పసిపిల్లల్లా గుండెకి హత్తుకుని తీసుకెళ్ళి స్కిప్‌లో వేస్తున్నారు.

“ఆపండి” అన్నాను.

కార్పెంటరు గడ్డపార కింద పెట్టలేదు. “మేం ఆపితే సారు మమ్ముల తిడ్తడు. నువ్వు ఆపితే నిన్ను తిడ్తడు. మంచిగ ఆలోచన చేసుకో సిస్టరమ్మా.”

“చేసుకున్నాను. ఆపండి.”

అప్పుడు గడ్డపార నేలకానించాడు. అందరూ నీళ్ళ ట్యాంకు నీడలోకి వెళ్ళి కూర్చున్నారు. నేను మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

“ఏమైందమ్మా? దురదా? ఆయింట్‌మెంట్ రాయి.”

“దురదకి ఆయింట్‌మెంట్ ఉంది సార్. ఊపిరితిత్తులకి రాసేది నా దగ్గర లేదు. మాస్కులు, గ్లౌజులు, కళ్ళద్దాలు, ఒంటి మీద వేసుకునే సూట్లు కావాలి. అవి వచ్చాకే పని.”

“స్టోర్ మొత్తం రుసైల్ వెళ్ళిపోయిందిగా! ఇప్పుడెక్కణ్ణుంచి తెచ్చేది? స్థలం ఓనరు నెత్తి మీద కూర్చున్నాడు. మా ఊళ్ళో పత్తి మిల్లుల్లో ఆడవాళ్ళు పని చెయ్యట్లా? ఈ కాస్త పీచుకే పోతారా మొగాళ్ళు?”

నేను నర్సుగా మొదట చేరింది మచిలీపట్నంలో ఒక మిషన్ ఆస్పత్రిలో. ఛాతీ వార్డులో పనిచేశాను. “ఆ మిల్లుల్లో పనిచేసి వచ్చి మంచం మీద కూర్చుని దగ్గిన ఆడవాళ్ళకి ఆక్సిజన్ పెట్టాను సార్. మీరు మిల్లు గేటు దాకానే చూసుంటారు” అన్నాను.

ఆయన ముఖం మారింది. గొంతు తగ్గించి, దగ్గరకొచ్చాడు. “మనం మనం తెలుగువాళ్ళం. నలుగురిలో ఇట్లా మాట్లాడితే ఏం బాగుంటుంది చెప్పు?”

“వాళ్ళూ తెలుగువాళ్ళే సార్.”

ఆయన నన్ను వదిలేసి నీడలో కూర్చున్నవాళ్ళ వైపు తిరిగాడు. “లేవండి, లేవండి. పని కానివ్వండి.” ఎవరూ లేవలేదు. లేవకూడదని వాళ్ళేమీ అనుకోలేదు. నా ముఖం వైపు చూస్తున్నారంతే. ఆ చూపులు నాకు ధైర్యం ఇవ్వలేదు, భయమేసింది. వీళ్ళు నన్ను నమ్మి కూర్చున్నారు, నేను ఇప్పుడు తగ్గితే వీళ్ళ గతేమిటి అనిపించింది.

సరిగ్గా అప్పుడే రెండో స్కిప్ వేసుకుని పెద్దాయన లారీ గేట్లోకి వచ్చింది. పొద్దున నేనే రమ్మన్నాను. మేనేజరు చెయ్యి ఊపాడు, “అక్కడ దింపు” అని. పెద్దాయన కిటికీలోంచి తల బయటపెట్టి నన్నడిగాడు, “సిస్టర్, ఎక్కడ దింపను?”

తొట్టి లేకపోతే పీచు పడెయ్యడానికి చోటు లేదు. గోడ పక్కనే స్థలం యజమాని ఖర్జూరం తోట ఉంది. ఉన్ని అటు ఎగిరితే ఆయన ఊరుకోడు. అంటే తొట్టి లేకపోతే పని లేదు. ఈ లెక్క నా బుర్రలో మెరిసినట్టు తట్టింది. మాట నోట్లోంచి వచ్చేసింది.

“దింపొద్దు. నిండినదాన్ని వల కప్పి తీసుకెళ్ళండి. ఖాళీది కూడా వెనక్కి తీసుకెళ్ళండి. మళ్ళీ నేను ఫోన్ చేసేదాకా రావద్దు.”

“ఎవర్నడిగి? అది కంపెనీ స్కిప్!” మేనేజరు అరిచాడు.

పెద్దాయన జేబులోంచి మడత కాగితం తీసి చూసుకున్నాడు. తాపీగా అన్నాడు, “సంతకం సిస్టర్‌ది. ఆమె వెళ్ళమంటే వెళ్తాను. మాఫీ ముష్కిల్, నాకేం ఇబ్బంది లేదు.” ఖాళీ తొట్టిని గేటు బయట రోడ్డు వార దింపి, నిండినదాన్ని ఎత్తుకుని పోయాడు. తర్వాత ఖాళీదాని కోసం మళ్ళీ వచ్చాడు. మొదటిసారి ఆయన లారీ గేటు దాటేదాకా మేనేజరూ నేనూ ఎదురెదురుగా ఎండలోనే నిలబడి ఉన్నాం. ఇద్దరం నీడలోకి వెళ్ళలేదు.

“రేపటి నుంచి నువ్వు డ్యూటీకి రానక్కర్లేదు” అన్నాడాయన.

“వస్తాను సార్. బండి పంపకపోతే టాక్సీలో వస్తాను.”

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్తే, నాతో ఉండే నర్సుల్లో పెద్దావిడ తల పట్టుకుంది. “నీకేమన్నా పిచ్చా? వీసా వాళ్ళ చేతిలో ఉంది. పెట్టె సర్దుకోమంటే ఏం చేస్తావ్?” రెండో అమ్మాయి నా యూనిఫామ్ తీసుకెళ్ళి, కాలరు మడత నిలబడేలా ఇస్త్రీ చేసి తెచ్చింది. ఆ రోజు ప్రార్థనలో ఉద్యోగం ఉంచమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. రేపు ఆయన ముందు నా గొంతు వణక్కుండా చూడు ప్రభువా, అని మాత్రం అడిగాను.

పొద్దున బండి రాలేదు. టాక్సీ మలుపు దగ్గర దింపేసింది. అక్కణ్ణుంచి మట్టి రోడ్డు మీద నడిచాను. తెల్ల బూట్లు ఎర్రబడ్డాయి. నీళ్ళ ట్యాంకు దగ్గర అందరూ కూర్చునే ఉన్నారు. కార్పెంటరు లేచి స్టీలు గ్లాసులో చాయ్ పోసిచ్చాడు.

“రావనుకున్నం” అన్నాడు.

“నేనూ మీరు పనిలోకి దిగుంటారనుకున్నాను.”

“నువ్వు ఆపినంక మేం ఎట్ల దిగుతం?” అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

ఎండ ముదరకముందే మేనేజరు కారు వచ్చింది. వెనక సీటు నిండా అట్టపెట్టెలు. తెల్లారుజామున తనే రుసైల్ వెళ్ళి స్టోరు తీయించి తెచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెట్టెలు నా కాళ్ళ దగ్గర పడేశాడు. “నీ పంతమే నెగ్గించుకున్నావు. ఇక పిలువు ఆ స్కిప్‌ని.”

నేను ఒక్కో పెట్టె విప్పి చూశాను. మాస్కులు మంచివే. సూట్లున్నాయి. “థాంక్స్ సార్. ఇంకొక్కటి. ఉన్ని తీసేముందు నీళ్ళ గొట్టంతో తడపాలి, అప్పుడు ఎగరదు. మధ్యాహ్నం ఎండ వేళ పని ఆపాలి, అది ఎలాగూ ఇక్కడి చట్టమే.”

ఆయన నవ్వాడు. సంతోషంతో నవ్విన నవ్వు కాదది. “ఇంకేమన్నా ఉందా?”

“ఇప్పటికి ఇంతే సార్.”

ఫోన్ చేస్తే పెద్దాయన వచ్చాడు. “జగడం ఖలాస్?” అని అడిగి, నేను చూపించిన చోట తొట్టి దింపాడు. మావాళ్ళు తెల్ల సూట్లు, కళ్ళద్దాలు తగిలించుకుని బయటికొస్తే ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను. కార్పెంటరు గొంతును బట్టి తెలిసింది. “సిస్టరమ్మా, ఒక ఫొటో తియ్యి. డాక్టరునైన అని ఇంటికి పంపుత.” తీశాను. తడిపిన ఉన్ని బరువుగా, బుద్ధిగా స్కిప్‌లోకి దిగింది. దద్దుర్లని ఆ తర్వాత నా దగ్గరికి ఒక్కరూ రాలేదు.

అన్నిటికంటే చివర నా క్లినిక్ వంతు. సామానంతా పంపించేశాక చీపురు పట్టుకుని గది ఊడ్చాను, తడిగుడ్డతో నేల తుడిచాను. గుమ్మంలో గడ్డపారతో నిలబడిన కార్పెంటరు వింతగా చూశాడు. “కూలగొట్టేదాన్ని తుడుస్తరా ఎవరన్న?”

“నేను తుడుస్తాను. చెత్తగా అప్పజెప్పను” అన్నాను. తుడిచి, బయటికొచ్చి, తప్పుకున్నాను.

క్యాంపు నేల చదునయ్యాక నన్ను రుసైల్ ఆఫీసుకి పిలిచారు. కంపెనీ అనుమతి లేకుండా బండి వెనక్కి పంపినందుకు, పై అధికారితో ఎదురు మాట్లాడినందుకు క్షమించమని రాసిమ్మన్నారు. అలా రాసిస్తే ఎన్‌ఓసీ ఇస్తామన్నారు. ఆ కాగితం లేకపోతే ఒమన్‌లో వేరేచోట చేరడానికి వీల్లేదు, ఇంటికెళ్ళిపోతే రెండేళ్ళ దాకా మళ్ళీ రావడానికీ లేదు. నేను రాయనన్నాను. ఎంత నచ్చజెప్పినా రాయలేదు.

వరండాలో మేనేజరు ఎదురయ్యాడు. “ఒక్క ముక్క రాసి పడేస్తే పోయేదిగదమ్మా. భవిష్యత్తు పాడుచేసుకుంటున్నావు” అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు అనిపించింది.

“చెయ్యని తప్పు చేశానని రాస్తే, రేపు ఇంకో సైట్లో ఇంకో నర్సుకి ఆ కాగితం చూపిస్తారు సార్” అన్నాను.

ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు.

ఇంటికొచ్చేశాను. మొదట్లో బంధువులు ఎందుకొచ్చేశావని అడిగితే ప్రాజెక్టు అయిపోయిందని చెప్పేది మా అమ్మ. “అది కాదు, పంపించేశారు” అని నేను సరిదిద్దేదాన్ని. దాచుకోవాల్సిన సంగతిగా నాకు అనిపించలేదు. మచిలీపట్నం ఆస్పత్రిలోనే మళ్ళీ చేరాను. రెండేళ్ళు గడిచిన నెలలోనే, ఒమన్‌లోనే రూవిలో ఒక క్లినిక్‌కి అప్లికేషన్ పెట్టాను. అక్కడి డాక్టరమ్మ ఫోన్లో ఇంటర్వ్యూ చేసింది. వెనకటి కంపెనీ ఎందుకు వదిలేశావని అడిగింది. ఉన్ని దగ్గర్నుంచి వరండా దాకా జరిగింది జరిగినట్టు చెప్పాను.

“నా దగ్గర కూడా ఇట్లాగే చేస్తావా?” అంది.

“అవసరం వస్తే చేస్తానండీ” అన్నాను.

ఆవిడ, అయితే నీ పాస్‌పోర్టు కాపీ పంపించు, వీసా మొదలుపెడతాను, అంది.